సిజేరియన్ తరువాత వావిలాకు నీళ్ళు పోయవచ్చా?

ఆపరేషన్ అయిన బాలింతకు వావిలాకు నీళ్ళు, అంటే వావిలి చెట్టు ఆకులు మరిగించిన స్నానపు నీళ్ళు, పోయవచ్చా అని అడిగారు. కుట్లు మానాయని వైద్యురాలు చూసి చెప్పాక నిస్సందేహంగా పోయవచ్చును. అయితే బాలింతను తిరిగి మనిషిని చేసేది ఆకు కంటే ఆ నీళ్ళు పోసే చెయ్యేనని నా గట్టి అభిప్రాయం.

నా రెండో కాన్పుకు కంచరపాలెం నుంచి ఒక పెద్దావిడ వచ్చేవారు. పూర్ణా మార్కెట్లో మావారు తెచ్చిన కట్టలోంచి ఒక ఆకును నలిపి వాసన చూసి, ఘాటు తగలకపోతే కట్ట మొత్తాన్ని పక్కన పెట్టేసేవారు. నువ్వుల నూనె వెచ్చచేసి పిక్కలకు, నడుముకు, వీపుకు మర్దన చేసేవారు గానీ పొట్టను తాకేవారు కారు. "కుట్ల జోలికి నేనెల్లనమ్మా, అది డాక్టరమ్మ పని" అనేవారు. రెమ్మలతో సహా మరిగించిన నీళ్ళను వడగట్టి, చన్నీళ్ళు కలిపి, తన మోచేతి మీద పోసుకుని చూసిన తరువాతే నా నడుము మీద చెంబుతో ధారగా పోసేవారు.

ఒకనాడు, అసలే మే నెల విశాఖ ఉక్క, తలుపు వేసిన స్నానాల గదిలో ఆవిరి కమ్మి నాకు కళ్ళు తిరిగాయి. ఆవిడ వెంటనే తలుపు తీసి, నన్ను పీట మీద నుంచి నేల మీదికి దించి, ఉప్పు వేసిన మజ్జిగ తాగించారు. కాన్పులో రక్తం పోయిన ఒంటికి మితిమీరిన వేడి తగిలితే రక్తనాళాలు వ్యాకోచించి రక్తపోటు పడిపోతుంది. అది చాలదన్నట్టు, బాలింత నీళ్ళు తాగితే పొట్ట పెరుగుతుందని గుక్కలు లెక్కపెట్టే బంధువులు ఉంటారు. పాలిచ్చే తల్లికి నీళ్ళు మరింత అవసరమని వారికి ఎవరు చెప్పగలరు?

ఇప్పుడు ఆన్‌లైన్లో బాలింత స్నానపు పొడులని ప్యాకెట్లు అమ్ముతున్నారు. అందులో ఏ ఆకు ఎంత ఉందో రాయని పొడిని పచ్చి కుట్లున్న ఒంటికి పూయడం కంటే వట్టి వేన్నీళ్ళు నయం. రక్తస్రావం ఆగేవరకు టబ్బులో కూర్చోవద్దు. 100.4 డిగ్రీల జ్వరం వచ్చినా, కుట్ల దగ్గర ఎర్రబడినా, చీము కనిపించినా స్నానం మాట అటుంచి ఆసుపత్రికి వెళ్ళండి. తల ఆరడానికి సాంబ్రాణి వేసుకుంటే, పసిబిడ్డను ఆ పొగ తగలని గదిలో పడుకోబెట్టండి.