రబ్బరు స్టాంపు మీద దొరికిన పది అక్షరాల మాట

ఎ, డి, ఇ, ఆర్, ఎస్, టి, డబ్ల్యూ అనే ఏడు అక్షరాలిచ్చి, వీటితో అన్నిటికంటే పొడవైన ఇంగ్లీషు మాటను పట్టుకోవడం ఎలాగని అడిగారు. ముందు ఒక సంగతి తేల్చండి. ఒక్కో అక్షరం ఒక్కసారే వాడాలా, ఎన్నిసార్లైనా వాడుకోవచ్చా? ఈ ముక్క చెప్పకుండా పజిల్ పెట్టేవాళ్ళంటే నాకు ఒళ్ళుమంట. ఒక్కసారే అయితే 'స్టీవార్డ్'తో ఏడూ సరిపోతాయి. ఎన్నిసార్లైనా అయితే అదే మాటకు స్త్రీలింగ బహువచనం 'స్టీవార్డెసెస్', పన్నెండు అక్షరాలు. అందులో ఎస్ నాలుగుసార్లు వస్తుంది. అక్షరాల బిళ్ళలతో మాటలు పేర్చే స్క్రాబుల్ ఆట పెట్టెలో ఉండే ఎస్ బిళ్ళలే నాలుగు, ఈ ఒక్క మాటే అన్నిటినీ మింగేస్తుంది.

ఇది వెంటనే తట్టిందంటే అది నా తెలివి కాదు. మీ ఏడు అక్షరాలూ కీబోర్డు మీద ఎడమ చేతి కిందివే. మాటలను కీబోర్డు మీద చోటును బట్టి చూసే జబ్బు నాకు టైపు ఇన్‌స్టిట్యూట్‌లో అంటుకుంది.

1988 వేసవిలో పదో తరగతి పరీక్షలు రాసి, తెనాలిలో ఇంగ్లీషు టైపు లోయర్ పరీక్షకు నేర్చుకోవడానికి చేరాను. ఒక మేడ మీద గది, ఆరు మిషన్లు. అందులో కొత్తది ఒక్కటే. మాకు ఎక్కువగా దక్కే మిషన్లో 'ఇ' మీట కొట్టినప్పుడల్లా ఆ అక్షరపు కడ్డీ కాగితం దగ్గరే ఇరుక్కుపోయేది. వేలితో వెనక్కి లాగి మళ్ళీ మొదలుపెట్టాలి. ఇంగ్లీషులో అన్నిటికంటే ఎక్కువగా వచ్చే అక్షరం అదే కాబట్టి, ఇంటికి వెళ్ళేసరికి నా చూపుడు వేలు నల్లగా ఉండేది. కొత్త మిషను కోసం రోజూ గొడవే. విసిగిపోయిన మాష్టారు ఒకరోజు పందెం పెట్టారు. పై వరుస మీటలతో మాత్రమే పది అక్షరాల మాట ఎవరు తెస్తే వాళ్ళకు వారం రోజులు కొత్త మిషను, పైగా రోజూ అరగంట ఎక్కువ.

మూడు రోజులు డిక్షనరీ తిరగేశాను. 'ప్రాపర్టీ' దొరికింది, ఎనిమిది. దానికే మీసం మెలేస్తూ వెళ్ళాను, అప్పటికి మీసం రాకపోయినా. అప్పుడు మా బ్యాచ్‌లోనే ఉన్న ఒక అమ్మాయి ఆ నెల ఫీజు రసీదు తీసి మాష్టారి బల్ల మీద పెట్టింది. సంతకం కింద ఊదా సిరాలో రబ్బరు స్టాంపు: 'ప్రొప్రైటర్'.

"మాష్టారూ, పది అక్షరాలండీ. మీదేనండీ" అంది.

ఆయన స్టాంపు చేతిలోకి తీసుకుని, ఒక్కో అక్షరం మీద గోరు పెట్టి లెక్కపెట్టుకున్నారు. తరువాత నవ్వి, తాను అనుకున్న జవాబును కాగితం మీద కొట్టి చూపించారు: 'టైప్‌రైటర్'. అదీ పదే. అంతమందిమి దాని ముందే కూర్చుని వెతికాం! కాకపోతే గుమ్మం మీది బోర్డులో ఉన్నది 'టైప్‌రైటింగ్'. చివర ఎన్ కింది వరుసది, జి మధ్య వరుసది. రోజూ చదివే మాటే మాకు అడ్డుపడింది.

టైప్‌రైటర్లు అమ్మేవాళ్ళు ఆ పేరును చకచకా కొట్టి చూపించడానికే ఆ అక్షరాలన్నీ పై వరుసలో పెట్టారని ఒక కథ చెబుతారు. నేను నమ్మను. పై వరుసలో ఇ, యు, ఐ, ఓ అని నాలుగు అచ్చులున్నాయి, పక్కనే ఆర్, టి ఉన్నాయి. అక్కడ పొడవైన మాటలు పుట్టకపోతేనే వింత. 'పెర్పెట్యుయిటీ' కూడా ఆ వరుసదే, పది. కింది వరుసలో ఒక్క అచ్చూ లేదు, అక్కడ వెతకడం దండగ.

కాబట్టి నన్నడిగితే ముందు అచ్చులు చూసుకోండి, ఆ తరువాత తోక పట్టుకోండి. మీ అక్షరాల్లో ఇ, డి, ఎస్, ఆర్ ఉన్నాయి. అంటే భూతకాలపు 'ఎడ్', బహువచనపు 'ఎస్', పనివాడిని చెప్పే 'ఎర్' మూడు తోకలూ మీ చేతిలోనే ఉన్నాయి. మొదట్లో తగిలించడానికి 'రీ' కూడా ఉంది. 'రీస్టార్టెడ్' తొమ్మిది, 'రీఅసర్టెడ్' పది అలా వచ్చినవే. డిక్షనరీని మొదటి అక్షరం నుంచి తిరగేసేవాడు నాలాగా 'ప్రాపర్టీ' దగ్గరే ఆగిపోతాడు.

ఇప్పుడు అక్షరాలు కొడితే చాలు, ఫోనే రెండు వందల మాటలు కక్కుతుంది. వాటిలో సగం ఇంగ్లీషువాళ్ళు కూడా వాడనివి. మా మేనల్లుడు వాటిని చూసి రాసుకుని "నేనే కనిపెట్టాను మామయ్యా" అంటాడు. ఇక ఊపిరితిత్తుల జబ్బు పేరంటూ వాట్సాప్‌లో తిరిగే నలభై అయిదు అక్షరాల మాట ఒకటుంది. అది 1935లో అమెరికా పజిల్ ప్రియుల సంఘం అధ్యక్షుడు కేవలం పొడవు కోసం అల్లినది. పిల్లల చేత దాన్ని బట్టీ పట్టించి బంధువుల ముందు అప్పజెప్పించే తల్లిదండ్రులకు దండం.

ఆ మరుసటి వారం మాష్టారు కుడి చేతి మీటలకు పందెం పెట్టారు. అది కష్టం. 'ఎడ్' లేదు, 'ఎస్' లేదు, జి ఎడమ చేతిది కాబట్టి 'ఇంగ్' కూడా లేదు. నేను 'మొనోపలీ' తెచ్చాను, ఆ అమ్మాయి 'లాలీపాప్' తెచ్చింది. రెండూ ఎనిమిదే. ఎవరికీ ఇవ్వనన్నారు మాష్టారు. చాలా ఏళ్ళ తరువాత ఒక సంగీత వ్యాసం చదువుతుంటే 'పాలిఫొనీ' కనబడింది, తొమ్మిది. తెనాలి వెళ్ళినప్పుడు ఆ మేడ ఎక్కి చూశాను. అక్కడిప్పుడు సెల్‌ఫోన్లు బాగుచేసే దుకాణం ఉంది.