ఒక్కరోజు బెరాట్ చూసొచ్చిన అమ్మాయికి

తల్లీ,

అల్బేనియాలోని బెరాట్ ఊరి మీద నువ్వు రాసిన వ్యాసం మొత్తం చదివాను, కొన్ని పేరాల దగ్గర ఆగి మళ్ళీ చదివాను. వాక్యం నీకు బాగా పట్టుబడింది, దాని గురించి నేనేం చెప్పను. నాకు నచ్చనిది ఒక్కటే. మొదట్లోనే "ఒక్కరోజు గైడెడ్ ట్రిప్పే కదా, లోతుగా రాయలేకపోయాను, క్షమించండి" అన్నావు, ఆ తర్వాతేమో ఆ ఊళ్ళో నెలలు నెలలు కాపురమున్నదానిలా "బెరాట్ జనం ప్రశాంతంగా బతుకుతారు, కాలం ఇక్కడ ఆగిపోయింది" అని రాసుకుంటూ పోయావు. రెండూ తీసెయ్. పొద్దున రాజధాని తిరానాలో బస్సెక్కి రాత్రికి మళ్ళీ తిరానాలో దిగిన మనిషికి ఏం కనబడుతుందో అది రాయి, అది చాలా ఎక్కువే తల్లీ, నిజంగా చాలా ఎక్కువ, నేను కూడా ఆ ఊరు అలాగే గుంపులో గైడ్ వెనకాల నడుస్తూ చూసినదాన్నే కాబట్టి ధైర్యంగా చెప్తున్నా.

ముందు గైడ్ సంగతి. నీ వ్యాసంలో ఆయన ఎక్కడా లేడు. ఒక్కచోట మాత్రం "మా గైడ్‌కి యాభై దాటి ఉంటాయి, చాలా సరదా మనిషి" అని రాసి వదిలేశావు. కానీ వెయ్యి కిటికీల ఊరు అన్న మాట ఆయనదే, చర్చి బొమ్మలు వేసిన పాతకాలపు చిత్రకారుడు ఓనుఫ్రి వాడిన ఎరుపు రంగు మళ్ళీ ఎవరి చేతా కాలేదు అన్న కథా ఆయనదే, వంతెన కింద అమ్మాయిని బంధించి ఆకలితో చంపేవాళ్ళట అన్నదీ ఆయన చెప్పిందే. అవన్నీ నువ్వే కళ్ళారా చూసినట్టు నీ గొంతుతో రాసేశావు. ఆయన్ని పేజీలోకి తీసుకురా. ఎక్కడ నిలబడి చెప్పాడు, ఏది చెప్పేటప్పుడు గొంతు పెంచాడు, ఏ ప్రశ్న అడిగితే మాట మార్చేశాడు, అది రాస్తే చాలు, ఏ మాట ఎవరిదో చదివేవాళ్ళకి దానంతటదే తెలుస్తుంది.

పైగా ఆయనకి యాభై దాటాయంటే దానర్థం ఏంటో ఆలోచించావా? అల్బేనియాలో 1967లో కమ్యూనిస్టు ప్రభుత్వం మతాన్నే నిషేధించింది. చర్చిలు, మసీదులు, బెక్తాషీలనే సూఫీల మఠాలు అన్నీ మూసేశారు, చాలా కూల్చేశారు, 1990 దాకా అదే పరిస్థితి. సొంతానికి కారు కొనుక్కునే వీలు కూడా 1991 దాకా లేదు. అంటే మీకు చర్చిలో నిలబడి మేరీమాత బొమ్మ గురించి అంత ఇష్టంగా చెప్పిన ఆ మనిషి, చిన్నప్పుడు అదే గుమ్మంలోకి ప్రార్థనకి రావడానికి వీల్లేదు. మీ బస్సు నడిపినాయన నాన్నకి బహుశా కారన్నదే ఉండి ఉండదు. ఇవి వాళ్ళనే అడగొచ్చు. తిరానా నుంచి బెరాట్‌కి రెండు గంటల ప్రయాణం, ఆ రెండు గంటలూ నువ్వు వెనక సీట్లో ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని కూర్చున్నావని నువ్వే రాశావు. ఈసారి ఎక్కడికెళ్ళినా ముందు సీట్లో కూర్చో, గైడ్ మైక్ పక్కన పెట్టాక మాట కలుపు. మీరు ఎక్కడ చదువుకున్నారు, ఇంట్లో ఎంతమంది, పిల్లలు ఇక్కడే ఉన్నారా, ఇంతకంటే పెద్ద ప్రశ్నలు అక్కర్లేదు. మైక్‌లో చెప్పేది ప్రతి గుంపుకీ చెప్పేదే, అది ఆయన కష్టపడి తయారు చేసుకున్న పాఠం, దాన్ని గౌరవించు, కానీ నీకు మాత్రమే దొరికేది మైక్ ఆపాకే దొరుకుతుంది.

ఓనుఫ్రి మ్యూజియం గురించి నువ్వు రాసిన పేరా అందంగా ఉంది, చెక్క మీద చెక్కిన ఆ తెర, లోపల చీకటి, బంగారు రంగు మెరుపు, అన్నీ బాగా పట్టుకున్నావు. కానీ బొమ్మల దగ్గరే ఆగిపోయావు, ఆ కట్టడం పడిన పాట్లు వదిలేశావు. అది 1797లో కట్టిన చర్చి. 1961లో ప్రభుత్వం బెరాట్‌ని మ్యూజియం నగరంగా ప్రకటించింది, దానివల్లే పాత ఇళ్ళు చాలా మిగిలాయి. ఆరేళ్ళు తిరిగేసరికి అదే ప్రభుత్వం మతాన్ని నిషేధించింది. ఇక 1986లో, అంటే ఇంకా నిషేధం నడుస్తుండగానే, ఆ చర్చిని ఓనుఫ్రి పేరు మీద మ్యూజియంగా తెరిచారు. దేవుణ్ణి కాదన్న వాళ్ళే దేవుడి బొమ్మలకి గ్లాసులు బిగించి లైట్లు పెట్టి కాపాడారు! పదహారో శతాబ్దపు మనిషి వేసిన ఎరుపు ఇవాళ మన ముందు అలా వెలుగుతోందంటే ఇంత గొడవ దాటుకుని వచ్చింది, దాని పక్కన "అద్భుతం" అనే మాట ఎంత పల్చగా ఉందో చూడు. నీ పేరాలో అద్భుతాలు ఎక్కువున్నాయి, అవి తీసేసి ఈ మూడు సంవత్సరాలూ పెట్టు, అప్పుడు బొమ్మ గురించి ఏమీ చెప్పకపోయినా పర్లేదు.

అన్నట్టు సంవత్సరాలు అన్నాను కదా అని చరిత్ర మొత్తం కుమ్మరించమని కాదు. నీ మూడో పేజీ ఇల్లిరియన్లు, మాసిడోనియా, రోమన్లు, బైజాంటియం, బల్గేరియా, సెర్బియా, ఒట్టోమన్లు అంటూ ఎక్కడో చదివి దించినట్టుంది, నేనే గబగబా దాటేశాను, మామూలు పాఠకుడు అక్కడే ఫోన్ పక్కన పెట్టేస్తాడు. ఒక్కటి ఉంచుకో. కోట గోడ అడుగున పెద్ద పెద్ద రాతి దిమ్మలు ఉన్నాయి చూశావా, మిగతా గోడ చిన్న రాళ్ళతో ఉంటుంది, అడుగున మాత్రం దిమ్మలు. అవి క్రీస్తుకి ముందటివి. అప్పట్లో ఆ ఊరి పేరు అంతిపాత్రియా, క్రీ.పూ. 200లో రోమన్ సైన్యం వచ్చి యుద్ధానికి పనికొచ్చే వయసు మగవాళ్ళందరినీ చంపేసింది. నువ్వు ఆ గోడకి ఆనుకుని వాటర్ బాటిల్ తాగావని రాశావు, ఆ వాక్యం పక్కనే ఇది రానీ, మిగతా రాజ్యాలన్నీ పోనీ.

కోట లోపల మనుషులు కాపురముంటారని రాయడం నాకు చాలా నచ్చింది. కాలా అంటారు ఆ పేటని, ఇప్పటికీ అక్కడ ఇళ్ళు, ద్రాక్ష పందిళ్ళు, బట్టలారేసిన తీగలు అన్నీ ఉంటాయి. అయితే "అచ్చం మన గోల్కొండలా" అని ఒక్క ముక్కలో తేల్చేశావు. మన పాఠకుడికి దగ్గరగా తేవాలన్న తాపత్రయం అర్థమైంది, కానీ గోల్కొండ అనగానే వాళ్ళకి చప్పట్లు కొట్టే గుమ్మమూ లైట్ షో గుర్తొస్తాయి, బెరాట్ కనబడదు. పోల్చి తీరాలనుకుంటే గోల్కొండ బయటి ప్రహరీ లోపల కూడా బస్తీలున్నాయి, కిరాణా కొట్లున్నాయి, బడికెళ్ళే పిల్లలున్నారు, టికెట్ కొని పైకెక్కే మనం వాళ్ళని చూడకుండా వెళ్తాం. ఆ పోలిక పనికొస్తుంది. దానికి నువ్వు ముందు ఆ బస్తీల్లో నడిచి ఉండాలి, నడవలేదు కాబట్టి ప్రస్తుతానికి గోల్కొండ తీసెయ్.

ఇక గోడల మీద లేసు గుడ్డలు, టేబుల్‌క్లాత్‌లు పరిచి అమ్మే ఆ పెద్దావిడ. "పేదరికంలోనూ ఆమె నవ్వు స్వచ్ఛంగా ఉంది" అన్నావే, ఈ ఒక్క వాక్యం మీద మాత్రం నాకు కోపం వచ్చింది. ఆవిడ పేదదని నీకెవరు చెప్పారు? ఆ కోటలో ఇల్లు ఆవిడ సొంతమై ఉండొచ్చు, కొడుకు ఇటలీ నుంచి డబ్బు పంపుతూ ఉండొచ్చు, అల్లిక ఆవిడకి ఇష్టమైన పని అయ్యుండొచ్చు, ఏదీ తెలీదు నీకు. తెలిసిందల్లా ఆవిడ ఎంత చెప్పింది, నువ్వు ఎంతకి అడిగావు, లెక్‌లు (అక్కడి డబ్బు) లెక్కపెట్టి ఇచ్చేటప్పుడు ఆవిడ వేళ్ళు ఎలా ఉన్నాయి, గుడ్డ మడిచి ఎందులో పెట్టి ఇచ్చింది. అది రాయి. ఎదుటి మనిషి నవ్వుకి మనం అర్థాలు అంటగట్టకూడదు, ముఖ్యంగా ఆ మనిషి భాష మనకి రానప్పుడు.

ఇప్పుడు కొండ. దీని కోసమే అసలు ఈ ఉత్తరం మొదలుపెట్టాను అనుకో. నువ్వు ఒక్క లైను రాశావు: "ఎదురు కొండ మీద నెవర్ అని పెద్దగా రాసుంది, ఫన్నీగా అనిపించి ఫోటో తీసుకున్నాం." అమ్మా, ఆ ఊరి మొత్తం కథ ఆ కొండ మీదే ఉంది కదా! ఆ కొండ ష్పిరాగ్. దాని ఒంటినిండా చాళ్ళు ఉంటాయి, ఇటుపక్క దూరంగా 2,400 మీటర్లు దాటిన టొమోర్ కొండ ఉంటుంది, ఇద్దరూ ఒక అమ్మాయి కోసం కొట్టుకున్న రాక్షసులనీ టొమోర్ కత్తివేట్లే ష్పిరాగ్ మీద చాళ్ళయ్యాయనీ అమ్మాయి ఏడిస్తే ఓసుమ్ నది పారిందనీ అక్కడివాళ్ళు చెప్పుకుంటారు, ఈ కథ నువ్వు రాశావు. ఆ చాళ్ళ పక్కనే 1968లో కుర్రాళ్ళ చేత రాళ్ళు మోయించి, తెల్లరంగు వేయించి, దేశాన్ని ఏలుతున్న ఎన్వర్ హోజా పేరు రాయించారు, ఒక్కో అక్షరం వంద మీటర్లు పైనే. ఊళ్ళో మాంగలెమ్ పేట ఇళ్ళ కిటికీలు తెరిస్తే ఏ పేరు కనబడేదో ఊహించు. ఆయన 1985లో పోయాడు, వ్యవస్థ కూలింది, 1990ల్లో సైన్యాన్ని పెట్టి ఆ అక్షరాల్ని లేకుండా చెయ్యాలని చూశారు, పూర్తిగా పోలేదు, పొదలు పెరిగి కప్పేశాయి. 2012లో అర్మాండో లులాయ్ అనే కళాకారుడు అక్కడి మనుషుల్ని కూడగట్టి మళ్ళీ అక్షరాలు బయటికి తీయించాడు, మొదటి రెండూ అటూఇటూ మార్చి. ఎన్వర్ కాస్తా నెవర్ అయింది. ఆ అక్షరాలు మొదటిసారి రాయడానికి రాళ్ళు మోసినవాళ్ళల్లో ఒకాయన ఈసారి కూడా పనిలో ఉన్నాడు. పడుచు వయసులో పేరు రాసిన చేత్తోనే ముసలితనంలో దాన్ని తిరగేశాడు.

ఇంత కథని నువ్వు ఫోటో తీసుకుని వదిలేశావు. తప్పు నీది కాదు, గైడ్ ఆ క్షణంలో మిగతావాళ్ళని బస్సెక్కిస్తున్నాడేమో. కానీ ఇంటికొచ్చాక ఆ ఫోటో పెద్దది చేసి చూసి ఇదేంటి అని వెతికితే గంటలో దొరికేది. ట్రిప్ అయిపోయాకే రాసేవాళ్ళ పని మొదలవుతుంది. అయితే అలా తర్వాత చదివి తెలుసుకున్నది కొండ ఎదురుగా నిలబడినప్పుడే తెలిసినట్టు రాయకు, "అప్పుడు నవ్వుకున్నాం, మిలాన్ తిరిగొచ్చాక తెలిసింది" అని ఉన్నదున్నట్టు రాయి, అది ఇంకా బాగుంటుంది. బెరాట్ చర్చిలో ఊదారంగు తోలు మీద వెండి అక్షరాలతో రాసిన ఆరో శతాబ్దపు బైబిల్ చూశానన్నట్టు ఒకచోట ధ్వనించింది, సరిచూసుకో, అది తిరానాలో జాతీయ ఆర్కైవ్స్‌లో ఉంటుంది. గైడ్ దాని కథ చెప్పి ఉంటాడు, నీ జ్ఞాపకంలో రెండూ కలిసిపోయాయి. చూసింది, విన్నది, చదివింది మూడూ కలగలిసిపోతే ఎంత బాగా రాసినా నమ్మకం పోతుంది.

భోజనం గురించి పేజీన్నర ఎక్కువ, బ్యూరెక్ అనే ఆ పొరల రొట్టె ఒక్కటి ఉంచు చాలు. ఎయిర్‌పోర్ట్ క్యూ గురించి చెప్పింది కూడా తీసెయ్, దాని బదులు ఆ ఎయిర్‌పోర్ట్ పేరే మదర్ తెరెసా అని ఒక్కమాట రాయి, కలకత్తాలో బతికి అక్కడే కన్నుమూసిన అల్బేనియన్ అమ్మ పేరు చూస్తూ ఇండియా పాస్‌పోర్ట్‌తో నువ్వు బయటికి నడిచావు, మనవాళ్ళు దానికి ఆగుతారు.

కిటికీల గురించి చివరగా. గొరిత్సా వంతెన మీద నుంచి మాంగలెమ్ ఫోటో అందరూ తీస్తారు, అందరూ అదే ఫోటోని మాటల్లో రాస్తారు. నువ్వు మాత్రం వంతెన దాటి గొరిత్సా పేట సందుల్లోకి వెళ్ళావు, అక్కడ మూసేసిన కిటికీలు, తుప్పు పట్టిన తాళం, పక్కింట్లో గెస్ట్‌హౌస్ బోర్డు చూశావు, రెండు వాక్యాల్లో రాసి భయపడి వెనక్కొచ్చేశావు. అసలు వ్యాసం అక్కడుంది. కొండ నీడ పడి చలికాలంలో గొరిత్సాకి ఎండ తక్కువ, ఎదురుగా మాంగలెమ్‌కి ఎండే ఎండ, ఒకవైపు ఎక్కువగా క్రైస్తవులు, ఒకవైపు ముస్లింలు, మధ్యలో నది, ఇదంతా పాత సంగతి. కొత్త సంగతి తాళాలు. 2011 జనాభా లెక్కల్లో అల్బేనియా 28 లక్షలు, 2023కి 24 లక్షలు. జనం ఇటలీకి, గ్రీసుకి, జర్మనీకి వెళ్ళిపోతున్నారు. నువ్వుండే మిలాన్‌లో నీకు కాఫీ ఇచ్చే అబ్బాయి బెరాట్‌వాడే కావచ్చు, అడుగు. ఇంట్లో అమ్మానాన్నల్ని వదిలి అంత దూరం వచ్చి గదిలో ఒక్కదానివే కూర్చుని రాసుకుంటున్న పిల్లవి, ఆ తాళం చూడగానే నీకు ఏమనిపించిందో నాకు తెలుసు, పేజీ మీద మాత్రం లేదు. పెట్టు. ఏడుపు రాగం అక్కర్లేదు, తాళం ఎలా ఉంది, గుమ్మం ముందు కుండీ ఉందా, ఎవరు నీళ్ళు పోస్తున్నారు, అంతే.

ఇలా మారిస్తే వ్యాసం సగానికి తగ్గుతుంది, కంగారు పడకు. వరస కూడా పొద్దున నుంచి సాయంత్రం దాకా టైమ్‌టేబుల్‌లా ఉండక్కర్లేదు, గొరిత్సాతో మొదలుపెట్టి చూడు, కుదరకపోతే కొండతో. గైడ్‌తో మాట్లాడిన వాట్సాప్ నంబర్ ఉందన్నావుగా, ఆయన చిన్నప్పుడు ఆ చర్చి గురించి ఇంట్లో ఏమనుకునేవాళ్ళో మెసేజ్ పెట్టి అడుగు, రాయడానికి ఒప్పుకుంటేనే రాయి, పేరు వద్దంటే తీసెయ్. ఆయన జవాబు వచ్చేదాకా ఆగి రెండో డ్రాఫ్ట్ పంపు, తొందరేం లేదు, వ్యాసం దసరా సంచికకి కాకపోతే సంక్రాంతికి వస్తుంది. ఫైల్ అటాచ్ చెయ్యకు, మెయిల్లోనే పేస్ట్ చెయ్యి.

ఉంటాను మరి. వేళకి తిను.