ఫ్రాన్స్ పల్లెల్లో సైకిల్ తొక్కాలంటే ఆల్ప్స్‌కే వెళ్ళాలా?

జూన్‌లో మీరూ మీ వారూ ఫ్రాన్స్ వస్తున్నారు, ఐదు రోజులు సైకిళ్ళ మీద తిరగాలని ఉంది. హైదరాబాద్‌లో ఔటర్ రింగ్ రోడ్ పక్కనున్న సైకిల్ ట్రాక్ మీద వారానికి రెండుసార్లు 40 కిలోమీటర్లు తొక్కుతున్నారు. ఆల్ప్స్ ఎక్కగలమా, లేకపోతే ట్రాఫిక్ లేని పాత ఊళ్ళు ఇంకెక్కడైనా ఉన్నాయా, శాకాహారులకి తిండి దొరుకుతుందా అని అడిగారు.

ఆల్ప్స్ వద్దండీ. నైరుతి ఫ్రాన్స్‌లోని లోత్ జిల్లాకి వెళ్ళండి. నేను ఉద్యోగరీత్యా తులూజ్‌లో ఉంటున్నాను. ఆరేళ్ళుగా ప్రతి వేసవిలోనూ నేనూ మా ఆయనా రైల్లో సైకిళ్ళు వేసుకుని అక్కడికే వెళ్తున్నాం. నాకు ఇంత ఇష్టమైన చోటు ఈ దేశంలో ఇంకోటి లేదు.

ముందు అక్కడి నేల ఎలా ఉంటుందో చెప్తాను, అది తెలిస్తే మీ ప్లాన్ దానంతటదే కుదురుతుంది. కింద నదులు, లోత్ ఒకటి, సెలే ఒకటి. వాటికి అటూ ఇటూ నిలువుగా సున్నపురాయి కొండచరియలు. పైన పీఠభూమి, దాన్ని 'కోస్' అంటారు. పొట్టి ఓక్ చెట్లు, రాయి మీద రాయి పేర్చిన గోడలు, కళ్ళ చుట్టూ కాటుక దిద్దినట్టు నల్లటి వలయాలున్న గొర్రెలు, అంతకుమించి పెద్దగా ఏమీ ఉండవు. నది ఒడ్డు దారి దాదాపు చదును. కింద నుంచి కోస్ మీదికి ఎక్కాలంటే మాత్రం ఒక్కో ఎక్కుడు 200 మీటర్ల ఎత్తు దాకా ఉంటుంది. అంటే అనంతగిరి లాంటిది ఒకటి ఎక్కి, దిగి, మళ్ళీ ఇంకోటి ఎక్కినట్టు. అందుకని అక్కడ రోజుని కిలోమీటర్లతో లెక్కపెట్టకండి, ఎక్కుళ్ళతో లెక్కపెట్టుకోండి. రోజుకి రెండు చాలు, 50 కిలోమీటర్లు చాలు. మేం మొదటిసారి 90 పెట్టుకుని ఊళ్ళన్నీ చూడకుండానే దాటేశాం. ఆ బాధ నాకు ఇప్పటికీ ఉంది.

మొదటి రెండు రోజులకీ సెలే లోయ పెట్టుకోండి. ఫిజాక్‌లో మొదలుపెట్టి డి 41 అనే చిన్న రోడ్డు పట్టుకుంటే అది నదితో పాటే వంకర్లు తిరుగుతూ లోత్ నది ఒడ్డునున్న కాఓర్ పట్నం వైపు తీసుకెళ్తుంది. ఫిజాక్ నుంచి కాఓర్ దాకా మొత్తం దాదాపు 75 కిలోమీటర్లు. జిల్లా రోడ్ల మైలురాళ్ళకి తల మీద పసుపు రంగు ఉంటుంది, అది కనిపిస్తోందంటే దారి తప్పలేదన్నమాట. పొద్దున ఏడింటికి బయల్దేరితే మొదటి గంటలో రెండో మూడో కార్లు ఎదురైతే ఎక్కువ. చెయిన్ చప్పుడు, పక్కన నీళ్ళ చప్పుడు, అంతే.

బయల్దేరేముందు ఫిజాక్‌లో ఒక పూట ఉండండి. ఈజిప్టు చిత్రలిపిని 1822లో ఛేదించిన షాంపోలియోన్ పుట్టిన ఊరది. ఆయన జ్ఞాపకార్థం పాత ఇళ్ళ మధ్య ఒక చిన్న చౌకులో నేలంతా, ఆ లిపిని ఛేదించడానికి ఆధారమైన రొసెట్టా శిలాఫలకాన్ని నల్ల గ్రానైట్ మీద పెద్దది చేసి చెక్కారు. చెప్పులు విప్పి ఆ అక్షరాల మీద నడిచాను. కాలి కింద ఒక్కో గీతా తెలుస్తుంది. మా ఆయన అక్కడే మెట్టు మీద కూర్చుని, ఇంటి నుంచి తెచ్చిన పులిహోర డబ్బా తెరిచారు.

దారిలో ఎస్పాన్యాక్ దగ్గర వంతెన దాటి లోపలికి వెళ్ళండి, చెక్క చట్రంతో కట్టిన గంటగోపురం ఉన్న పాత మఠం వస్తుంది. మార్సియాక్‌లో మఠం సగం శిథిలం. పైకప్పు పోయిన భాగంలో నిలబడితే స్తంభాల మధ్య నుంచి ఆకాశం. స్పెయిన్‌లోని సాంతియాగోకి నడిచివెళ్ళే యాత్రికులు కూడా ఈ లోయలోంచి వెళ్తారు, వీపున సంచులతో ఎదురవుతారు. పలకరించండి, వాళ్ళకి ఏ ఊళ్ళో ఏ కుళాయి పనిచేస్తోందో మనకంటే బాగా తెలుసు.

కుళాయి అన్నాను కాబట్టి ఇది జాగ్రత్తగా చదవండి. రెండో ఏడు, జులైలో ఒక సోమవారం, లోయ వదిలి కోస్ మీదికి ఎక్కాం. పదకొండింటికే మా నాలుగు సీసాలూ ఖాళీ. పైన మొదటి ఊళ్ళో కాఫీ హోటల్‌కి తాళం. రెండో ఊళ్ళో అసలు దుకాణమే లేదు. సున్నపురాయి నేల కదా, వాన పడిన నీరంతా లోపలికి ఇంకిపోతుంది, పైన చెరువూ వాగూ ఉండవు. మా ఆయనకి పిక్కలు పట్టేశాయి, నాకు కళ్ళు తిరిగాయి. మూడో ఊరి శివార్లలో శ్మశానం గేటు తీసి ఉంది. లోపల ఒక పెద్దావిడ సమాధి మీది పూలమొక్కలకి నీళ్ళు పోస్తోంది. మా మొహాలు చూసి ఏమీ అడగకుండా నా చేతిలోంచి సీసా తీసుకుంది. గోడవారన ఆకుపచ్చ రంగు కుళాయి, కింద తుప్పు మరకల రాతి తొట్టి. ముందు తను దోసిట పట్టి ఒక గుక్క తాగి చూపించి, అప్పుడు సీసా నింపి ఇచ్చింది. ఆ నీళ్ళ చల్లదనం ఇప్పుడు రాస్తుంటే కూడా గొంతులో ఉంది. ఫ్రాన్స్‌లో సైకిల్ వాళ్ళందరికీ ఈ సంగతి తెలుసట, మాకు తెలీదు: ఊరు ఎంత చిన్నదైనా శ్మశానంలో సాధారణంగా కుళాయి ఉంటుంది. 'ఓ నోన్ పొతాబ్ల్' అని బోర్డు ఉంటే మాత్రం తాగకండి, తల మీద పోసుకోండి. మనకి శ్మశానంలో నీళ్ళు తాగడమంటే మనసు ఒప్పదు, నాకూ ఒప్పలేదు. ఇప్పుడు ప్రతిసారీ ఆగి, ఆ గేటు దగ్గర దణ్ణం పెట్టుకునే లోపలికి వెళ్తాను.

సోమవారం చాలా దుకాణాలు మూసే ఉంటాయి, ఆదివారం మధ్యాహ్నం నుంచీ అంతే. మామూలు రోజుల్లో కూడా పన్నెండు నుంచి రెండింటి దాకా ఊరు నిద్రపోతుంది. కాబట్టి పొద్దున్నే బులాంజరీ కనబడగానే బ్రెడ్డు కొనేసుకోండి, ముందున్న ఊళ్ళో కొందాంలే అనుకోవద్దు.

శాకాహారం కష్టమేమీ కాదు గానీ అడిగి తినాలి. వేడి మేకపాల చీజ్, వాల్‌నట్లు వేసిన సలాడ్ దాదాపు అన్నిచోట్లా దొరుకుతుంది, కానీ అందులో పందిమాంసం ముక్కలు వేసేస్తుంటారు. 'సాన్ లార్దోన్' అని ముందే చెప్పండి. వేపిన బంగాళాదుంపలు ఆ ప్రాంతంలో చాలాచోట్ల బాతు కొవ్వుతో చేస్తారు, అదీ అడగండి. రొకమదూర్ అని అరచేతిలో ఇమిడేంత చిన్న బిళ్ళలా ఉండే మేకపాల చీజ్ అక్కడి ప్రత్యేకత. చీజ్‌ల తయారీలో పాలు గడ్డకట్టడానికి దూడ పొట్ట నుంచి తీసిన రెన్నెట్ వాడుతుంటారు, మీ పట్టింపు అంతవరకూ ఉంటే అది మానేయాలి. పల్లీ చిక్కీలు మాత్రం ఇంటి నుంచే ఎక్కువ తెచ్చుకోండి.

సెలే వచ్చి లోత్‌లో కలిసే చోటుకి ముందే కాబ్రెరే అనే ఊరు. దాని పైన పెష్ మెర్ల్ గుహ. 1922లో ఆ ఊరి కుర్రాళ్ళు పాకుతూ వెళ్ళి కనిపెట్టారు. లోపల ఒంటి నిండా చుక్కలున్న రెండు గుర్రాల బొమ్మలు, సుమారు 29,000 ఏళ్ళ నాటివి, చుట్టూ చేతుల ముద్రలు. ఎర్రటి ఎండలోంచి చెమటతో లోపలికి వెళ్తే 12 డిగ్రీలు, గాలికోటు తప్పనిసరి. రోజుకి లోపలికి పంపేవాళ్ళ సంఖ్యకి పరిమితి ఉంది, టికెట్ ముందే బుక్ చేసుకోండి. ఊళ్ళోంచి గుహకి ఎక్కుడు చిన్నదే గానీ నిటారు, సైకిల్ దిగి నడిస్తే తప్పేం లేదు.

మూడో రోజు సాన్ సిర్ లపొపీ. నదికి వంద మీటర్ల పైన కొండ అంచున వేలాడుతున్నట్టుండే ఊరు, 2012లో ఫ్రెంచివాళ్ళు తమకి అత్యంత ఇష్టమైన ఊరుగా ఎన్నుకున్నది. పగలు జనంతో కిటకిటలాడుతుంది. సాయంత్రం ఆరు దాటాక ఎక్కండి, లేదా ఆ రాత్రి అక్కడే ఉండండి. మర్నాడు పొద్దున బూజియెస్ వైపు నది ఒడ్డున నడవండి. ఒకప్పుడు పడవల్ని తాళ్ళతో లాగడానికి కొండ కడుపులో దారి తొలిచారు, తల మీద రాయి, పక్కన నీళ్ళు. రోడ్డు సైకిల్‌కి పనికిరాని దారి, నడకకే.

సైకిళ్ళు అద్దెకి తీసుకునేటప్పుడు ముందు పళ్ళచక్రం చిన్నది 34 పళ్ళు, వెనక పెద్దది 32 లేదా 34 పళ్ళు ఉన్నదే అడగండి. మీ ట్రాక్ చదును కాబట్టి ఇది మీకు చాలా ముఖ్యం. అద్దె రోడ్డు సైకిళ్ళకి తరచుగా పెడల్స్ ఉండవు, మీవి తెచ్చుకోండి. కార్లవాళ్ళు ఊరి బయట మనల్ని దాటేటప్పుడు మీటరున్నర ఎడం వదలాలని చట్టం, ఎక్కువమంది పాటిస్తారు. నాకు కార్లకన్నా 'గ్రావియోన్' అనే బోర్డంటేనే భయం. వేసవిలో తారు పోసి పైన సన్న కంకర చల్లి వదిలేస్తారు, బండ్లే తొక్కి అణచాలి. ఒక దిగుడులో ఆ కంకర మీద బ్రేక్ వేసి మోచెయ్యి చీరుకుపోయింది నాకు. బోర్డు కనబడగానే ముందే వేగం తగ్గించండి, మలుపులో బ్రేక్ పట్టొద్దు. ఇంకోటి, చిన్న ఊళ్ళలో కుడిచేతి సందులోంచి వచ్చేవాడిదే మొదటి హక్కు, ఎదురుగా బోర్డు లేకపోయినా సరే.

నాలుగో రోజు మీ ఓపికని బట్టి కోస్ మీద తిరగండి, సీసాలు నింపుకుని. ఐదో రోజు లోత్ వెంబడి కాఓర్‌కి దిగిపోవచ్చు, అక్కణ్ణుంచి తులూజ్‌కి నేరుగా రైలుంది. లోకల్ రైళ్ళలో సైకిల్ తగిలించే హుక్కులు కొన్నే, తొందరగా వెళ్ళండి. స్టేషన్‌కి దగ్గర్లోనే వాలాంత్రే వంతెన, 1308లో మొదలుపెట్టి కట్టినది, మూడు గోపురాలు. మేస్త్రీ దయ్యంతో బేరం పెట్టుకుని మోసం చేశాడనీ, ఆ కోపంతో దయ్యం రోజూ రాత్రి పైన ఒక రాయి పీకేసేదనీ కథ. 1879లో బాగుచేయించిన వాస్తుశిల్పి మధ్య గోపురం పైమూలన ఆ దయ్యాన్నే రాతిలో చెక్కించి పెట్టాడు. నది వైపు నిలబడి తలెత్తి చూడండి, వేళ్ళు సందులో ఇరుక్కుని ఇంకా పీకుతూనే ఉంటుంది.