పాత గోడ గడియారాలు: మీ ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: మా తాతగారు కాజీపేట రైల్వేలో పనిచేశారు. ఆయన గోడ గడియారం ఇప్పుడు మా వాటాకు వచ్చింది. డయల్ మీద కలకత్తా దుకాణం పేరుంది. కీ ఇచ్చి లోలకం ఊపితే నాలుగైదు నిమిషాలు నడిచి ఆగిపోతోంది. ఇది ఎక్కడిది? కీ ఎక్కువై పాడైందంటున్నారు, నిజమేనా?
– ఒక పాఠకురాలు, హనుమకొండ

జవాబు: డయల్ మీది పేరు చాలావరకు అమ్మినవాళ్లది. తయారీ గుర్తు లోపలి ఇత్తడి పలక మీద, ముఖ్యంగా వెనక పలక మీద వెతకండి. ఎనిమిది కొనల నక్షత్రం, మధ్యలో ‘జె’ ఉంటే జర్మనీలోని యుంగ్‌హాన్స్ కంపెనీది. ఆ నక్షత్రం 1890 నుంచి ఉంది. దాని దగ్గర ‘బి 12’ లాంటి ముద్ర ఉంటే 1912 రెండో ఆర్నెల్లలో చేసిందని అర్థం. ‘ఏ’ అయితే మొదటి ఆర్నెల్లు. ఒకదాన్నొకటి దాటే రెండు బాణాలు హాంబర్గ్ అమెరికన్ కంపెనీవి, పేరు అలా ఉన్నా అదీ జర్మనీదే. సీకోషా అనే కంపెనీ పేరుంటే జపాన్‌ది, 1892కు ముందుది కాదు. అమెరికాలో చేసిన గడియారం లోపలి మిషన్ (యంత్రం) మీద కనిపించే పాత తేదీ పేటెంట్‌ది, దాంతో వయసు లెక్క కట్టకండి. నిజాం స్టేట్ రైల్వే అక్షరాలున్నాయని ఎవరైనా ధర పెంచి చెబితే తొందరపడొద్దు. డయల్ మీద పెయింటుతో ఏమైనా రాయించవచ్చు.

కీ ఎక్కువైతే పాడవదు. పూర్తిగా చుట్టిన స్ప్రింగు నడవాల్సిందే. నడవలేదంటే నూనె ఎండి జిగురైనట్టు, లేదా గడియారం వంకరగా ఉన్నట్టు. ముందు రెండోది చూడండి, దానికి పైసా ఖర్చు లేదు. టిక్కుకూ టిక్కుకూ మధ్య ఎడం సమానంగా ఉందా వినండి. ‘టిక్‌టిక్... టిక్‌టిక్’ అని జంటలుగా వినిపిస్తే పెట్టెను అటూఇటూ కొద్దిగా వంచి, చప్పుడు సమంగా వచ్చే చోట గోడ మీద పెన్సిల్‌తో గీత పెట్టండి. అలా ఒరిగి వేలాడటం నచ్చకపోతే రసమట్టంతో పెట్టెను నిటారుగా ఉంచి, లోలకాన్ని నెట్టే సన్నటి తీగను వంచాలి. ఎటు? చప్పుడు సమం కావడానికి పెట్టె ఏ పక్క పైకెత్తాల్సి వచ్చిందో ఆ పక్కకు, వెంట్రుకవాసి చొప్పున. లోలకం ముందుకూ వెనక్కూ వణుకుతుంటే పైన వేలాడదీసే పల్చటి స్టీలు రేకు మడతపడింది. దాన్ని సాపు చేయడం దండగ, అదే మందం, అదే పొడవున్న కొత్తది వేయించండి.

చప్పుడు సమంగా ఉన్నా ఆగిపోతుంటే మిషన్ విప్పి కడగాలి. ఇది మెకానిక్ పని. ఇంట్లో పలకలు విప్పొద్దు. నడిచే స్ప్రింగు, గంట కొట్టే స్ప్రింగు రెండింటినీ పూర్తిగా సడలించకుండా స్క్రూలు తీస్తే చక్రాల పళ్లు రాలతాయి, వేళ్లూ తెగుతాయి. మెకానిక్‌ను ఒక్క మాట అడగండి: ఇరుసు కొసలు తిరిగే రంధ్రాలు కోలగా అరిగాయా? అరిగితే కొత్త ఇత్తడి బుష్ (రంధ్రంలో బిగించే చిన్న గొట్టం) వేయాలి. రంధ్రం చుట్టూ పంచ్‌తో కొట్టి బిగించేవాళ్లున్నారు. అలాంటివారికి ఇవ్వకండి, తర్వాత బాగుచేసేవాడికి పలకే మిగలదు. కొబ్బరినూనె వద్దేవద్దు, చలికాలం తెల్లవారుజామున పేరుకుంటుంది. గడియారం నూనె సూది మొనతో ఒక్కో రంధ్రానికి ఒక్కో చుక్క చాలు. చక్రాల పళ్లకు అసలు పూయరాదు, దుమ్ముతో కలిసి ఆకురాయిలా అరగదీస్తుంది.

ప్రశ్న: మూడైతే ఐదు కొడుతోంది. ముళ్లు సరిగ్గానే ఉన్నాయి.
– ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: చాలా పాత గడియారాల్లో గంటలను లెక్కపెట్టేది గాట్లున్న ఒక చక్రం. ముల్లు ఎక్కడున్నా అది వరుసగా ఒకటి తర్వాత రెండు అనుకుంటూ పోతుంది. గంట కొట్టనివ్వకుండా ముల్లు తిప్పినా, కొట్టే స్ప్రింగు ముందే అయిపోయినా లెక్క తప్పుతుంది. నిమిషాల ముల్లును పన్నెండు మీదికి తెచ్చి కొట్టనివ్వండి. ఐదు కొడితే గంటల ముల్లును చేత్తో ఐదు మీదికి జరపండి, అది బిగువుతో కూర్చున్నదే కాబట్టి కదులుతుంది. తర్వాత నిమిషాల ముల్లును ముందుకే తిప్పుతూ, ప్రతి అరగంటకూ గంటకూ ఆగి కొట్టనిస్తూ సరైన సమయానికి రండి.

ప్రశ్న: ఎండాకాలంలో రోజుకు ఐదు నిమిషాలు వెనకబడుతోంది. వేడికేనా?
– ఒక పాఠకుడు, రామగుండం

జవాబు: వేడికి అంత రాదు. స్టీలు కడ్డీ లోలకం 20 డిగ్రీల తేడాకు రోజుకు సుమారు 10 సెకన్లు, ఇత్తడిదైతే 16 సెకన్లు మాత్రమే వెనకబడుతుంది. ఐదు నిమిషాలంటే లోలకం చివరి బరువైన బిళ్ల కిందికి జారింది. పాతిక సెంటీమీటర్ల లోలకానికి బిళ్లను 1.7 మిల్లీమీటర్లు పైకెత్తితే సరిపోతుంది. అడుగున ఉన్న నట్టును ఒక చుట్టు బిగించి, 24 గంటలు ఆగి చూడండి. ఎంత మారిందో తెలిశాక మిగతా చుట్లు లెక్క వేసుకోవచ్చు. బిగించేటప్పుడు లోలకాన్ని కొక్కెం నుంచి తీసి చేతిలో పట్టుకోండి. వేలాడుతుండగా మెలి తిప్పితే పై రేకు విరుగుతుంది.