మైపాడులో పొద్దున పూట గాలి ఉండీ లేనట్టుంటుంది, నాలుగు దారాల కైట్ ఏది కొనాలి?

నెల్లూరు తమ్ముడు అడిగింది క్లుప్తంగా ఇదీ: ఏడాదిగా రెండు దారాల కైట్ ఎగరేస్తున్నాడు, ఇప్పుడు నాలుగు దారాలది, అంటే రెండు చేతుల్లో చెరో హ్యాండిల్ పట్టుకుని తిప్పేది కొనాలని ఉంది, కానీ తనకు వీలయ్యేది పొద్దున ఆరు నుంచి ఎనిమిది వరకే, ఆ టైంలో మైపాడు బీచ్‌లో ఆకు కూడా సరిగా కదలదు, మరి తక్కువ గాలికని చేసిన ఖరీదైన మోడల్ తీసుకోవాలా అని.

ఇప్పుడే తీసుకోవద్దు. నాది ఒంగోలు, కొత్తపట్నం బీచ్‌లో ఆరేళ్లుగా ఇదే పిచ్చి. మొదటి రెండేళ్లూ గాలి లేదని, కైట్ బరువని తిట్టుకుంటూనే గడిపాను, తీరా చూస్తే తప్పు సగం దారాల్లో ఉంది, సగం నా కాళ్లలో ఉంది.

ముందు ఒక చిన్న లెక్క. గాలి వేగం సగమైతే కైట్ లాగుడు సగం అవ్వదు, నాలుగో వంతుకు పడిపోతుంది. అందుకే కాస్త గాలి తగ్గగానే ప్రాణం పోయినట్టు కింద పడుతుంది. ఇదే లెక్క మనకు పనికొచ్చేదీ: గంటకు 4 కిలోమీటర్ల గాలి ఉందనుకోండి, మీరు అదే వేగంతో వెనక్కి నడిస్తే కైట్‌కు తగిలేది 8 కిలోమీటర్ల గాలి, లాగుడు నాలుగింతలు. పొద్దున్నే వాకింగ్‌కు వచ్చే పెద్దాయన నడక వేగం చాలు, పరిగెత్తక్కర్లేదు.

దారాల సంగతి కొంచెం వివరంగా చెప్తాను, ఎందుకంటే అందరూ డబ్బు పోగొట్టుకునేది ఇక్కడే. నా కైట్‌తో 120 అడుగుల దారాలు, 90 పౌన్లవి (అంత లాగుడుకు తెగకుండా ఆగేవి) వచ్చాయి. మంచి గాలికి అవి బాగుంటాయి. తక్కువ గాలికి ఆ దారాల బరువే ఎక్కువ, మధ్యలో బట్టలారేసే తాడులా కిందికి వేలాడతాయి, ఆ వేలాడే భాగాన్ని బిగించడానికే మీ చెయ్యి కదలిక అంతా ఖర్చయిపోతుంది, కైట్ దాకా చేరదు. 50 పౌన్ల దారం, 30 నుంచి 40 అడుగులు, అంతే. పైకి పోతే గాలి బాగుంటుంది కదా, పొడుగు దారం మేలు కదా అంటారు కొందరు. నిజమే, నేల దగ్గర కన్నా పైన గాలి ఎక్కువే, కానీ పైదాకా ఎక్కాలంటే ముందు కింది గాలిలో లేవాలి కదా.

ఒకసారి నా దారం ఒకటి రాళ్లకు ఒరుసుకుని తెగితే, మన ఊళ్లో దొరకనిదేముందని గాలాలమ్మే కొట్లో నైలాన్ దారం కొని ఆ ఒక్కదాని స్థానంలో కట్టాను. కుడి బొటనవేలు లాగితే కైట్ ఆలోచించుకుని ఆలోచించుకుని తిరిగేది, వదిలితే ఆగకుండా ఇంకో చుట్టు తిరిగేది. నైలాన్ సాగుతుంది, అదీ కథ. డైనీమా, స్పెక్ట్రా అని అమ్మేవే కావాలి, అవి దాదాపు సాగవు, పైగా జారుడుగా ఉంటాయి కాబట్టి నాలుగైదు మెలికలు పడ్డా కంట్రోల్ పోదు. కొత్త సెట్ కూడా నమ్మొద్దు. నాలుగు దారాల ఒక కొసను మా గేటు కొక్కేనికి తగిలించి, రెండో కొసలు కలిపి లాగి చూశాను, ఒకటి అరంగుళం పొడుగు! నెల రోజులు కైట్ ఎడమకు లాగుతోందని నేను పడ్డ టెన్షన్ అంతా ఆ అరంగుళానికే. ఉచ్చు విప్పి మళ్లీ ముడేస్తే పది నిమిషాల పని.

తర్వాత హ్యాండిల్స్. ఒక్కో హ్యాండిల్‌కు పైన ఒక దారం, కింద బ్రేక్ దారం. పై కొసన ఉండే లీడర్ తాడుకు, అంటే పై దారాన్ని తగిలించే పొట్టి తాడుకు, వరసగా ముడులుంటాయి చూడండి. గాలి తక్కువైతే పై దారాన్ని హ్యాండిల్‌కు దగ్గరగా ఉన్న ముడికి మార్చండి, ఒక్కో ముడే మారుస్తూ చూడండి. దాంతో బ్రేక్ వదులై కైట్‌కు ముందుకు పోయే గుణం పెరుగుతుంది. వెనక్కి నడపడం, గాల్లో ఒక చోట నిలబెట్టడం కొంచెం కష్టమవుతాయి, ఫర్వాలేదు. లేపగానే వెనక్కి వాలి కూలబడుతుంటే బ్రేక్ ఇంకా ఎక్కువే ఉందని. ఉన్నట్టుండి ముందుకు తూలి, దారాలు వదులై మీ నెత్తి మీదికి వస్తుంటే మరీ తగ్గించారని. చిన్నప్పుడు సంక్రాంతికి కాగితం గాలిపటానికి సూత్రం కట్టి, అది తల ఎత్తుతోందా దించుతోందా అని చూసుకునేవాళ్లం కదా, అదే చూపు ఇక్కడా పని చేస్తుంది.

ఇక కాళ్లు. కొత్తలో అందరూ చేసే పని, కైట్ లేవాలని చేతులు రెండూ ఛాతీకి లాగేయడం. ఒక్క కుదుపుకు లేస్తుంది, ఆ తర్వాత లాగడానికి చేతుల్లో చోటే ఉండదు. చేతులు నడుము ముందే ఉంచి, బొటనవేళ్లు మాత్రం మీ వైపు వంచి, ఒక పెద్ద అడుగు వెనక్కి వేయండి. ఎక్కేటప్పుడు వెనక్కి నడక, దిగేటప్పుడు ముందుకు నడక. కైట్ పైకి చేరాక మెల్లగా తిప్పి కిందికి వదిలితే తన బరువుతోనే దిగుతుంది, ఆ కాసేపట్లో వెనక్కి పోయినంత దూరం తిరిగి ముందుకు వచ్చేయొచ్చు. ఇది అలవాటైతే కొద్దిపాటి స్థలంలోనే గంటసేపు ఆడొచ్చు. ఇది రాకపోతే బీచ్ మొత్తం చాలదు, నన్నడగండి, వెనక్కి నడుస్తూ నడుస్తూ ఎండబెట్టిన చేపల మీద కూర్చున్నాను ఒకసారి.

మన తీరంలో పొద్దున వీచేది నేల మీంచి వచ్చే పడమటి గాలి. అంటే కైట్ సముద్రం వైపు ఉంటుంది, మీరు వెనక్కి నడిచేది పొడి ఇసకలోకి, కాళ్లు కూరుకుపోతాయి. పైగా వెనక సరుగుడు తోటలుంటే వాటి చాటున గాలి చచ్చిపోయి, వచ్చేది కూడా సుడులు తిరుగుతూ వస్తుంది. తోటకు వీలైనంత దూరంగా జరగండి, కానీ నీళ్ల అంచుకు దారం పొడవుకు రెండింతలైనా ఎడం ఉంచుకోండి. తడిసిన కైట్ ఆ రోజుకి మళ్లీ లేవదు. జనవరిలో అయితే మంచుకే బట్ట బరువెక్కుతుంది, కొంచెం ఎండ తగిలాక విప్పండి. తర్వాత పడమటి గాలి ఆగిపోయి కాసేపు ఏమీ ఉండదు, పది పదకొండు ప్రాంతంలో సముద్రం మీంచి గాలి మొదలవుతుంది. సెలవు రోజు ఒకసారి ఆ మొదలయ్యే గాలిలో ఎగరేసి చూడండి, సన్నగా, ఒకే తీరుగా వస్తుంది, నేర్చుకోవడానికి అంతకన్నా మంచి గాలి ఉండదు. అప్పుడు వెనక్కి నడిచేది గట్టి తడి ఇసక మీద, అలలు చూసుకుంటూ. గాలి ఎంతుందో చూడ్డానికి నేను అగరుబత్తి వెలిగిస్తాను. పొగ నిట్టనిలువుగా పోతే టీ తాగి వస్తాను, వాలుతుంటే విప్పుతాను.

కైట్ విషయానికి వస్తే, ఈ రకాన్ని 1980ల చివర్లో శాన్ డియాగోలో జో హాజికీ, ఆయన సోదరులు తెచ్చారు, అదే రెవల్యూషన్ అనే బ్రాండ్. ఇప్పుడు వేరేవాళ్లు చేసేవీ ఎక్కువగా ఆ రూపానివే. వాళ్లు 1.5 అని పిలిచే సైజు, జాలీ లేని నిండు బట్టది తీసుకోండి. జాలీవి మంచి ఫొటోల్లో బాగుంటాయి, అవి గట్టి గాలికి, మీకు వద్దు. మిగిలిన డబ్బుతో తేలికైన కార్బన్ పుల్లల సెట్ ఒకటి కొనండి, మీ పొద్దుటి గాలికి ఆ తేడా చేతికి తెలుస్తుంది. జెన్ లాంటి తక్కువ గాలి మోడళ్లు నిజంగానే మంచివి, పెద్దవి, తేలికవి, కానీ నెమ్మదిగా తిరుగుతాయి, గాలి కాస్త పెరిగితే మడిచి పెట్టాల్సిందే. అది రెండో కైట్, మొదటిది కాదు.

ఒక్క జాగ్రత్త. తక్కువ గాలిలో కైట్ కిందనే తిరుగుతుంది, అంటే దారాలు సరిగ్గా మనిషి మెడ ఎత్తులో ఉంటాయి. ఇది మాంజా కాదు, గాజు పూత లేదు, అయినా బిగుసుకున్న సన్న దారం చర్మాన్ని కోస్తుంది, నా చూపుడు వేలి మీద గీత ఇంకా ఉంది. అలివి వల లాగుతున్న చోట, బైకులు తిరిగే చోట విప్పొద్దు.

40 అడుగుల పాత సెట్ ఒకటి నా దగ్గర ఖాళీగానే ఉంది. ఆదివారం కొత్తపట్నం రాగలిగితే నా కైట్‌కే అది కట్టి ఒక పూట ఎగరేసి చూడండి, తర్వాత ఆర్డర్ పెట్టుకోవచ్చు.