విట్నీ హ్యూస్టన్‌ను పెళ్లే పాడుచేసిందా? ఒక సంగీతం టీచర్ జవాబు

మీరు అడిగింది ఇదీ: “విట్నీ హ్యూస్టన్ పేరు విన్నాను గానీ ‘ది బాడీగార్డ్’ సినిమా తప్ప ఇంకేమీ తెలీదు. ఆమె జీవితం, కెరీర్ ఎలా సాగాయి? బాబీ బ్రౌన్‌ను పెళ్లి చేసుకుని పాడైపోయిందంటారు, నిజమేనా?”

ఆఖరి ముక్కకు ముందే జవాబు చెప్పేస్తాను. నిజం కాదు. అమెరికన్ గాయని విట్నీకి, గాయకుడు బాబీ బ్రౌన్‌కు పెళ్లి 1992 జూలై 18న అయింది. కొకైన్ అనే మత్తుమందు అలవాటు ఆమెకు అంతకు చాలా ఏళ్ల ముందే, ఇంకా పేరు కూడా రాని రోజుల్లోనే ఉందని, విట్నీకి ప్రాణస్నేహితురాలైన రాబిన్ క్రాఫర్డ్ 2019లో వచ్చిన తన పుస్తకంలో రాసింది. ఆ కాపురంలో కష్టాలు లేవని నేననను, చాలా ఉన్నాయి. కానీ ఆమె బతుకంతా తీసుకెళ్లి ఒక మగవాడి ఖాతాలో వేసేస్తే, ఆమె చేసిన పని ఎవరికీ కనబడకుండా పోతుంది. నాకు ఆ పని గురించే చెప్పాలని ఉంది.

నేను సంగీతం టీచర్ని. కర్ణాటక సంగీతం నేర్చుకున్నాను, పెళ్లయ్యాక న్యూజెర్సీ వచ్చి ఇక్కడ పిల్లలకు పాఠాలు చెప్తున్నాను. విట్నీ గొంతు మొదట విన్నది 1993లో, కాలేజీ హాస్టల్లో, రూమ్మేట్ తెచ్చిన క్యాసెట్లో. ‘ది బాడీగార్డ్’లోని ‘ఐ విల్ ఆల్వేస్ లవ్ యూ’ మొదలవగానే టేప్ రికార్డర్ చెడిపోయిందేమో అనుకున్నాను. వాయిద్యం చప్పుడే లేదు, ఒట్టి గొంతు. దాదాపు ముప్పావు నిమిషం అలాగే సాగింది. ఆ క్యాసెట్ అడిగి తీసుకుని ఆదివారం మా టీచర్‌గారి ఇంటికి పట్టుకెళ్లాను.

ఆవిడ ఇంగ్లిష్ పాటలు వినే మనిషి కాదు. అయినా కళ్లు మూసుకుని విన్నారు. వాయిద్యాలు అందుకున్న చోట టేపు ఆపమని, హార్మోనియం మీద ఆ శ్రుతి వెతికారు. దొరికాక “మళ్లీ మొదటికి తిప్పు” అన్నారు. పాట మొదలవుతుంటే ఆ మెట్టు నొక్కి పట్టుకున్నారు. సరిగ్గా కలిసింది. ఏ ఆసరా లేకుండా ఎత్తుకుని, ఒక్కో మాటనీ సాగదీసి, మధ్యలో ఆగి, ఊపిరి తీసుకుని, ఇంత చేసినా శ్రుతి వెంట్రుకవాసి జరగలేదు. “ఈ పిల్ల చిన్నప్పుడు గుళ్లో పాడి ఉంటుందే. మైకు ముందు నేర్చిన గొంతు కాదిది” అన్నారు ఆవిడ.

గుడి కాదు, చర్చి. అంతే తేడా. విట్నీ 1963 ఆగస్టు 9న న్యూజెర్సీలోని న్యూవార్క్‌లో పుట్టింది. అమ్మ సిసీ హ్యూస్టన్ గాస్పెల్ గాయని, అంటే చర్చిలో భక్తి పాటలు పాడేది. స్వీట్ ఇన్‌స్పిరేషన్స్ అనే బృందంతో అరీతా ఫ్రాంక్లిన్, ఎల్విస్ ప్రెస్లీ లాంటి పెద్ద గాయకులకు కోరస్ పాడిన మనిషి. పేరున్న గాయని డియాన్ వార్విక్ స్వయానా పెద్దమ్మ కూతురు. న్యూ హోప్ బాప్టిస్ట్ చర్చిలో క్వయర్ (బృందగానం) పాడించేది సిసీయే. పదకొండేళ్లప్పుడు విట్నీ తొలిసారి ఒంటరిగా పాడింది అక్కడే. తర్వాత న్యూయార్క్ క్లబ్బుల్లో అమ్మ కచేరీ చేస్తుంటే వెనక నిలబడి పాడేది, మధ్యలో ఒకటో రెండో పాటలు తనే అందుకునేది. మోడలింగ్ కూడా చేసింది, 1981లో సెవెంటీన్ పత్రిక ముఖచిత్రం మీదికి ఎక్కింది. రికార్డు కంపెనీలు వెంటపడినా సిసీ తొందరపడలేదు. ముందు హైస్కూల్ చదువు పూర్తికావాలంది. 1983లో అరిస్టా రికార్డు కంపెనీ అధిపతి క్లైవ్ డేవిస్ సంతకం చేయించుకున్నాడు. ఆ తర్వాత కూడా సరైన పాటలు ఏరుకుని రికార్డు చేయడానికి రెండేళ్లు పట్టింది. తొలి ఆల్బమ్ బయటికొచ్చింది 1985 ఫిబ్రవరి 14న.

ఆమె కథలో నాకు బాగా నచ్చేది ఇలా ఓపిగ్గా ఆగి ఉండడమే. చేరిన మూడు నెలలకే మా పాపను స్టేజీ ఎక్కించండి అని అడిగే తల్లిదండ్రులకు ఇదే చెప్తుంటాను. అంత గొంతుండీ, అంత ఇంటిపేరుండీ, పదకొండేళ్లప్పుడు పాడిన పిల్ల ఇరవై ఒకటో ఏట గానీ సొంత ఆల్బమ్ తేలేదు.

ఆ తర్వాత కథ పరుగే. మొదటి ఆల్బమ్ మెల్లగా పైకి పాకి 1986 మార్చిలో అమెరికాలో నంబర్ వన్ అయింది, మొత్తం 14 వారాలు ఆ స్థానంలో ఉంది. 1987లో వచ్చిన ‘విట్నీ’ మొదటి వారమే నంబర్ వన్. అమెరికా సంగీత పత్రిక బిల్‌బోర్డ్ వేసే ఆల్బమ్ పట్టికలో ఒక గాయనికి అలా జరగడం అదే మొదటిసారి. ఈ రెండు ఆల్బమ్‌లలోంచి వరసగా ఏడు పాటలు నంబర్ వన్ అయ్యాయి. బీటిల్స్, బీ జీస్ లాంటి బృందాలు కూడా ఆరు దగ్గర ఆగిపోయాయి.

ఇంత గెలిచాక 1989లో సోల్ ట్రైన్ అవార్డుల వేడుకలో ఆమె పేరు చదవగానే హాల్లోంచి కొందరు బూ కొట్టారు. నల్లజాతి సంగీతం కోసం పెట్టుకున్న వేడుక అది. తెల్లవాళ్ల రేడియోలకు నచ్చేలా పాడుతోందన్నది వాళ్ల కోపం. ఆ కోపానికి కారణం లేకపోలేదు, క్లైవ్ డేవిస్ ఏరిన పాటలు, ఆ బాణీలు అందరికీ సాఫీగా ఎక్కేలా చేసినవే. కానీ ఆ సాఫీ బాణీల కింద గొంతు మాత్రం న్యూవార్క్ చర్చి గొంతే. ఒక మాట చివర నాలుగైదు స్వరాలు దొర్లించి దించే పద్ధతి ఉంటుంది చూడండి, అది ఆమెకు ఏ స్టూడియోలోనూ ఎవరూ నేర్పలేదు. సొంతవాళ్లే పరాయిదాన్ని చేసిన ఆ రాత్రి ఆమెకు ఎంత తగిలి ఉంటుందో తలుచుకుంటే నాకు ఇప్పటికీ మనసు కలుక్కుమంటుంది. బాబీ బ్రౌన్ పరిచయమైంది కూడా ఆ వేడుకలోనే.

1991 జనవరి 27న టాంపాలో సూపర్ బౌల్ ఆటకు (అమెరికన్ ఫుట్‌బాల్ ఫైనల్‌కు) ముందు ఆమె అమెరికా జాతీయ గీతం పాడింది. గల్ఫ్ యుద్ధం మొదలై పది రోజులైంది. మామూలుగా ఆ గీతం మూడు లెక్కలో, మన భాషలో చెప్పాలంటే తిశ్రంలో నడుస్తుంది. ఆమె కోసం దాన్ని నాలుగు లెక్కకు, చతురశ్రానికి మార్చారు. చెయ్యి తట్టుకుంటూ వింటే తేడా తెలుస్తుంది. ప్రతి ఆవృతంలో ఒక లెక్క ఎక్కువ దొరికింది, అందులో ఆమె ఊపిరి తీసుకుంది, మాటను పరిచింది, ఎక్కడా ఉరకలేదు. ఆ రోజు స్టేడియంలో వినిపించింది ముందే రికార్డు చేసిన గొంతు, ఆ సంగతి దాచాల్సిన పని లేదు. స్టూడియోలోనైనా అలా పాడింది ఆమే కదా. 2001 సెప్టెంబర్ దాడుల తర్వాత దాన్ని మళ్లీ విడుదల చేస్తే ఈసారి టాప్ టెన్‌లోకి వచ్చింది.

ఇక మీరు చూసిన ‘ది బాడీగార్డ్’. ఆ స్క్రిప్టు లారెన్స్ కాస్డన్ 1970లలో రాసింది, అప్పట్లో హీరోహీరోయిన్లుగా స్టీవ్ మెక్వీన్‌ను, డయానా రాస్‌ను అనుకున్నారు. చివరికి హీరోగా చేసిన కెవిన్ కాస్ట్‌నర్ మాత్రం విట్నీయే కావాలని, ఆమె టూర్ అయ్యేదాకా ఏడాది ఆగాడు. ఆమెకు అదే మొదటి సినిమా. 1992 నవంబర్లో విడుదలైతే విమర్శకులు ఆమె నటనను చీల్చి చెండాడారు. ప్రపంచమంతా కలిపి 41 కోట్ల డాలర్లు వచ్చాయి. నా మటుకు నాకు, కోపం చూపించే చోట్ల ఆమె కాస్త బిగుసుకుపోయినట్టు ఉంటుంది, జనం మధ్య నడిచే చోట్ల మాత్రం నటించాల్సిన అవసరమే లేనట్టు ఉంటుంది. ‘ఐ విల్ ఆల్వేస్ లవ్ యూ’ పాట అసలు డాలీ పార్టన్ అనే గాయనిది, 1974 నాటిది. దాన్ని పెడదామన్నదీ, వాయిద్యాలు లేకుండా ఎత్తుకోమన్నదీ కాస్ట్‌నరే. అమెరికాలో 14 వారాలు నంబర్ వన్‌గా నిలిచింది. సినిమా ఆల్బమ్ 4 కోట్లకు పైగా కాపీలు అమ్ముడై, 1994లో ఆ ఏటి ఉత్తమ ఆల్బమ్‌గా గ్రామీ అవార్డు తెచ్చుకుంది.

ఈ పాటను నేనొకసారి సభలో పాడాను, అందుకే ఇంత చెప్తున్నాను. చివరి పల్లవికి ముందు అంతా ఆగిపోతుంది. ఒక్క క్షణం ఏమీ ఉండదు. డ్రమ్ము మీద ఒకే ఒక్క దెబ్బ పడగానే, ఆరు శ్రుతిలో నడిచిన పాటంతా ఇంకా పైనున్న ఏడు శ్రుతికి ఎగురుతుంది. నేను రెండు నెలలు సాధన చేశాను, ఇంట్లో ప్రతిసారీ అందింది. సభలో మాత్రం మొదటి చరణం నుంచే బలమంతా పెట్టి పాడాను, జనం మెచ్చుకుంటున్నారు కదా అని. ఆ దెబ్బ పడేసరికి గొంతులో ఏమీ మిగల్లేదు. పై స్వరం చీలింది. ఇంటికొచ్చి రాత్రి క్యాసెట్ పెట్టుకుని విన్నాను. ఆమె మొదటి వాక్యాలు దాదాపు మాట్లాడినట్టు పాడింది. రెండో చరణంలోనూ దాచుకుంది. ఆ క్షణం కోసం మూడు నిమిషాలు ఖర్చు పెట్టకుండా ఉంచుకుంది. అంత గొంతు ఉన్నవాళ్లకు దాన్ని దాచుకోవడమే కష్టం.

సినిమాల్లో నాకు ఇష్టమైంది ‘బాడీగార్డ్’ కాదు, 1996 నాటి ‘ది ప్రీచర్స్ వైఫ్’. అందులో ఆమె చర్చిలో పాడే పాస్టర్ భార్య, సిసీ కూడా చిన్న వేషం వేసింది. ఆ గాస్పెల్ పాటల్లో ఆమె సొంతింటికి చేరినట్టు ఉంటుంది. 1995లో ‘వెయిటింగ్ టు ఎక్స్‌హేల్’ చేసింది. 1997లో టీవీకి ‘సిండ్రెల్లా’ నిర్మించి, బ్రాండీ అనే నల్లజాతి గాయనిని సిండ్రెల్లాగా పెట్టి, తను దేవత వేషం వేసింది. దాన్ని ఆ రాత్రి చూసినవాళ్లు దాదాపు 6 కోట్ల మంది.

ఆ తర్వాతి ఏళ్ల గురించి ఎక్కువ రాయాలని లేదు. 2002లో సొంత తండ్రి కంపెనీయే ఆమె మీద 10 కోట్ల డాలర్లకు దావా వేసింది, మరుసటేడు ఆయన పోయాడు. 2007లో విడాకులు. 2009లో ‘ఐ లుక్ టు యూ’ ఆల్బమ్ నంబర్ వన్‌గా వచ్చింది గానీ, 2010 టూర్లో గొంతు సహకరించక జనం నిరాశపడ్డారు. ఆ వీడియోలు చూస్తుంటే ఒకటి గమనించాను. పై స్వరం రానప్పుడు ఆమె కిందికి దించి, మాటను విరిచి, ఇంకో దారిన వెళ్లేది. గొంతు పోయినా సంగీతం పోలేదు.

2012 ఫిబ్రవరి 11న లాస్ ఏంజిలిస్ దగ్గర బెవర్లీ హిల్టన్ హోటల్లో స్నానాల తొట్టిలో మునిగి చనిపోయింది. గుండె జబ్బు, కొకైన్ కూడా కారణాలని అధికారులు తేల్చారు. వయసు 48. మూడేళ్లకు కూతురు బాబీ క్రిస్టీనా కూడా 22 ఏళ్లకే పోయింది.

విట్నీ పోయాక వచ్చిన సోమవారం నేను పాఠాలు ఆపేసి న్యూవార్క్ వెళ్లాను. చర్చి ముందు కంచెకు పూలు, బెలూన్లు, చేత్తో రాసిన కాగితాలు కట్టి ఉన్నాయి. బాగా చలి. ఓ ఇరవై మందిమి ఉంటాం, ఎవరికి ఎవరూ తెలీదు. ఒకావిడ చిన్నగా ఏదో కీర్తన ఎత్తుకుంది. రెండో వాక్యానికి పక్కావిడ కింది స్థాయిలో కలిపింది, వెనక నుంచి ఒకాయన ఇంకా కింద. ఎవరూ ఎవరికీ సైగ చేయలేదు. నాకు ఆ పాట రాదు, శ్రుతి మాత్రం పట్టుకుని నిలబడ్డాను.

మీరు వినడం మొదలుపెట్టాలంటే 1991 జాతీయ గీతంతో మొదలుపెట్టండి, తర్వాత ‘ది ప్రీచర్స్ వైఫ్’ పాటలు. వాటి తర్వాతే బాడీగార్డ్ పాటకు తిరిగి రండి. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ఆ మొదటి ముప్పావు నిమిషంలో ఆమె ఎక్కడెక్కడ ఊపిరి తీసుకుందో లెక్కపెట్టండి.