మందు మొదలుపెట్టాక వణుకు ఎక్కువైంది.. ఆపేయాలా?

ప్రశ్న: మాది శ్రీకాకుళం జిల్లా, పలాస దగ్గర పల్లెటూరు. మా అబ్బాయికి 16 ఏళ్లు, ఇంటర్ చదువుతున్నాడు. పదకొండో ఏట పచ్చకామెర్లు వస్తే పసరు పోయించాం, తగ్గాయి. ఏడాదిగా చేయి వణుకుతోంది, మాట ముద్దగా వస్తోంది, ఊరికే కోపం. విశాఖలో చూపిస్తే విల్సన్ జబ్బు, ఒంట్లో రాగి పేరుకుపోయింది అన్నారు. రాగిని బయటికి పంపే పెనిసిలమిన్ మాత్రలు మొదలుపెట్టి మూడు వారాలైంది. వణుకు ఇంకా పెరిగింది. ఆపేయమంటారా? రాగి బిందెలో నీళ్లు తాగడం వల్ల వచ్చిందా? మాది మేనరికం. 12 ఏళ్ల పాప కూడా ఉంది, దానికి ఏ బాధా లేదు.

జవాబు: మీ అంతట మీరు ఆపకండమ్మా. ఈ మందు మొదటి వారాల్లో కొందరికి వణుకు పెరుగుతుంది. అలాగని ఊరుకోనూ కూడదు. రాసిచ్చిన డాక్టర్‌కి ఈ రోజే ఫోన్ చేయండి. డోసు తగ్గించి మెల్లగా పెంచుతారో, ట్రైఎంటీన్‌కో జింక్‌కో మారుస్తారో ఆయన చూసుకుంటారు. ఏదో ఒక మందు మాత్రం జీవితాంతం ఉండాలి. బాగున్నాం కదా అని కొన్నేళ్లకి మానేసినవాళ్లకి లివర్ ఒక్కసారిగా చెడి ప్రాణం మీదికి వచ్చిన సందర్భాలున్నాయి.

బిందె తప్పేం లేదు. తిండిలో వచ్చే రాగిలో కావలసింది ఉంచుకుని, మిగతాది పైత్యరసంలో కలిపి బయటికి పంపడం లివర్ పని. దానికి ఏటీపీ7బీ అనే జీన్ కావాలి. అది తల్లి నుంచీ తండ్రి నుంచీ చెడ్డదే వస్తే, పుట్టినప్పటి నుంచి రాగి లివర్‌లోనే పోగవుతుంది. లివర్ వాచి, గట్టిపడి, ఇక పట్టక రాగి రక్తంలోకి పొర్లుతుంది. మెదడులో కదలికల్ని అదుపులో ఉంచే భాగంలో చేరితే వణుకు, ముద్దమాట, చొంగ, కోపం. కంటి నల్లగుడ్డు చుట్టూ గోధుమరంగు వలయం కడుతుంది. పదకొండో ఏట వచ్చిన కామెర్లు బహుశా ఇదే. పసరుకి తగ్గాయనుకున్నారు. చాలా కామెర్లు వాటంతట అవే తగ్గుతాయి, పసరుకి పేరొచ్చింది అలాగే.

ఇలాంటి పిల్లలొస్తే నేను రెండు నోట్సులు తెమ్మంటాను, పదో తరగతిది ఒకటి, ఇప్పటిది ఒకటి. మొదటిదాంట్లో అక్షరాలు గుండ్రంగా, గీతమీద ఉంటాయి. రెండోదాంట్లో చిన్నవై, ఇరుక్కుని, గీత దిగి పోతుంటాయి. ఇంట్లోవాళ్లు బద్ధకం అనుకుంటారు, లెక్చరర్లు పొగరు అనుకుంటారు. మీ వాడిని ఆ విషయంలో ఎవరైనా తిట్టి ఉంటే, జబ్బని వాడికి చెప్పండి.

మాత్ర పరగడుపున వేయాలి, తిండికి గంట ముందు గానీ రెండు గంటల తర్వాత గానీ. బీ6 విటమిన్ రాసి ఉంటే మానొద్దు. చెప్పిన రోజుల్లో రక్తం, మూత్రం పరీక్షలు తప్పనిసరి. రాగి బిందె అటక మీద పెట్టేయండి, ఈ పిల్లాడికి స్టీలే మంచిది. మాంసం కార్జం, రొయ్యలు, పీతలు, పుట్టగొడుగులు, చాక్లెట్ వద్దు. జీడిపప్పు కూడా. పలాసలో ఉన్నవాళ్లకి ఈ మాట చెప్పడం నాకే ఇబ్బందిగా ఉంది గానీ, అందులో రాగి బాగా ఎక్కువ. చోడి అంబలి తాగొచ్చు. టౌన్లో దాన్ని రాగి జావ అంటారని భయపడి మానేసినవాళ్లున్నారు. ఆ రాగి వేరు, ఈ రాగి వేరు.

ఇక పాప. మేనరికంలో భార్యాభర్తలిద్దరికీ ఒకే చెడ్డ జీన్ ఉండే అవకాశం ఎక్కువ. అన్నకి వచ్చింది కాబట్టి చెల్లెలికి వచ్చే అవకాశం నాలుగింట ఒకటి. ఇప్పుడు బాధ లేకపోవడం లెక్కలోకి రాదు, అయిదేళ్ల కిందట అబ్బాయికీ వణుకు లేదు కదా. సెరులోప్లాస్మిన్ (రక్తంలో రాగిని మోసే ప్రొటీన్), లివర్ పరీక్షలు, కళ్లలో ఆ వలయం ఉందేమో చూసే స్లిట్ ల్యాంప్ పరీక్ష, 24 గంటల మూత్రంలో రాగి, ఇవి చేయించండి. మూత్రానికి ల్యాబ్‌వాళ్లు ఇచ్చే డబ్బానే వాడండి. పొద్దున్న మొదటిసారి పోసింది పారబోసి, అక్కణ్నుంచి మర్నాడు పొద్దుటిదాకా అంతా పట్టాలి. జబ్బున్నట్టు తేలినా, లక్షణాలు రాకముందే మందు మొదలైతే పాప మామూలుగా చదువుకుని, పెళ్లి చేసుకుని, పిల్లల్ని కనొచ్చు. దసరా సెలవుల దాకా ఆగకండి, ఈ వారమే తీసుకెళ్లండి.